లేజర్ కండరాన్ని సాగనిస్తుందా? పరీక్ష మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఫిజియోథెరపీలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నారు. మీ విభాగంలో 808 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం, 100 మిల్లీవాట్ల సామర్థ్యం ఉన్న లేజర్ యంత్రం ఉంది. హ్యామ్‌స్ట్రింగ్స్, అంటే తొడ వెనుక కండరాలు, బిగుసుకుపోయిన 30 మంది తోటి విద్యార్థులను తీసుకుని, 15 మందికి ఒక్కసారి లేజర్ పెట్టి, మిగతా 15 మందికి ఏమీ పెట్టకుండా, కండరం సాగే గుణాన్నీ, బలాన్నీ, నొక్కినప్పుడు నొప్పి మొదలయ్యే స్థాయినీ ముందూ తర్వాతా కొలవాలనుకుంటున్నారు. ఒక్కో చోట 30 సెకన్ల చొప్పున మూడు చోట్ల లేజర్ పెట్టి, మోతాదును చదరపు సెంటీమీటరుకు 4 జౌళ్లుగా (జౌలు అంటే శక్తికి కొలమానం) రాసుకున్నారు. ఫలితం వస్తుందా, రాకపోతే థీసిస్ ఏమవుతుంది అన్నది మీ ఆందోళన.

సూటిగా చెప్పాలంటే, మీరు రాసిన పద్ధతిలోనే చేస్తే ఏదో ఒక మార్పు తప్పకుండా కనిపిస్తుంది, కానీ అది లేజర్ వల్ల వచ్చిందని చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. పద్ధతిని సరిదిద్దుకుని చేస్తే, నా అంచనా ప్రకారం, అలసట లేని ఆరోగ్యవంతుల కండరంలో ఒక్క విడతతో గరిష్ఠ బలం పెరగదు. సాగే గుణంలో తేడా వచ్చినా కొద్దిగానే వస్తుంది. నొప్పి మొదలయ్యే స్థాయిలో మాత్రం కొలవదగిన మార్పు కనిపించే అవకాశం ఆ రెండింటికన్నా ఎక్కువ. అందువల్ల మూడు కొలతలకూ సమాన స్థానం ఇవ్వకండి. నొక్కినప్పుడు నొప్పి మొదలయ్యే స్థాయిని ప్రధాన కొలతగా ముందే ప్రకటించి, మిగతా రెండింటినీ దానికి అనుబంధంగా ఉంచండి. కారణాలు కింద వివరంగా రాస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఈ వృత్తిలో ఉండి, లేజర్‌ను రోగులకు వాడుతూ, కొన్ని థీసిస్‌లకు సహాయకుడిగా కూడా పనిచేసిన అనుభవంతో చెబుతున్న మాటలివి.

ముందుగా నా తప్పు ఒకటి చెబుతాను. వృత్తిలో తొలి సంవత్సరాలలో, జిల్లా స్థాయి కబడ్డీ ఆడే కొందరు కుర్రాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. తొడ వెనుక పట్టేసినట్లుంటుందని అందరిదీ ఒకటే ఫిర్యాదు. మోకాలు ఎంతవరకు చాపగలరో కొలిచి, లేజర్ పెట్టి, మళ్లీ కొలిచేవాణ్ని. దాదాపు ప్రతి ఒక్కరిలోనూ కొన్ని డిగ్రీలు పెరిగేది. లేజర్ గొప్పగా పనిచేస్తోందని నమ్మి అందరికీ చెప్పాను కూడా. ఒకరోజు యంత్రం మరమ్మతుకు వెళ్లింది. కుర్రాళ్లు వచ్చేశారు కదా అని, కొలతలు మాత్రం తీసి, పది నిమిషాలు పడుకోబెట్టి, మళ్లీ కొలిచాను. అప్పుడూ దాదాపు అంతే పెరిగింది. కొలవడం కోసం కాలును మూడు నాలుగు సార్లు చివరిదాకా చాపించడమే ఒక స్ట్రెచింగ్ వ్యాయామమని, కండరం దానికే లొంగిందని నాకు ఆ రోజు తెలిసింది. అన్నాళ్లూ నేను లేజర్‌కు కట్టబెట్టిన ఘనత కొలతదే.

మీ పద్ధతిలో రెండో జట్టు ఉంది కాబట్టి నాకన్నా మీరు నయమే. కానీ ఆ జట్టుకు ఏమీ పెట్టకపోవడం వల్ల కొత్త చిక్కు వస్తుంది. ఒక జట్టు వారికి యంత్రం, చర్మానికి ఆనించే ప్రోబ్, బీప్ శబ్దం, మీ శ్రద్ధ అన్నీ దక్కుతాయి. రెండో జట్టు వారు ఊరికే పడుకుంటారు. మన రోగులు ‘కరెంటు పెట్టారా, లైటు పెట్టారా’ అని అడిగి మరీ పెట్టించుకోవడం మీరూ చూసే ఉంటారు. యంత్రం మీద ఆ నమ్మకం నొప్పి కొలతను నిజంగానే మారుస్తుంది. పైగా మీరు ఎంచుకున్నది ఫిజియోథెరపీ విద్యార్థులను. లేజర్ ఎందుకు పెడతారో వారికి పాఠంలోనే ఉంది, ఎవరికి పెట్టారో రాత్రికి హాస్టల్లో అందరికీ తెలిసిపోతుంది.

ఈ చికిత్స పుట్టుకలోనే ఈ పాఠం ఉంది. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ ఎలుకల వీపు గొరిగి, ఒక గుంపుకు రూబీ లేజర్ తగిలించి, మరో గుంపును అలాగే వదిలేశారు. లేజర్ హాని చేస్తుందేమో చూడాలన్నది ఆలోచన. తీరా చూస్తే లేజర్ తగిలిన గుంపులో వెంట్రుకలు త్వరగా మొలిచాయి. గొరిగిన వెంట్రుకలు ఎలాగూ మొలుస్తాయి కాబట్టి, పోల్చడానికి రెండో గుంపు లేకపోతే ఆ విషయం ఎవరి కంటా పడేది కాదు. ఎలుకలకు ఏ గుంపులో ఉన్నామో తెలియకపోవడం మెస్టర్‌కు కలిసి వచ్చింది. మనకు ఆ సౌకర్యం లేదు కాబట్టి దాన్ని మనమే ఏర్పాటు చేసుకోవాలి.

ఉత్తుత్తి లేజర్ పెట్టండి. 808 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు, 100 మిల్లీవాట్ల దగ్గర చర్మానికి వేడి కూడా సాధారణంగా పెద్దగా తెలియదు. అందుకే మీ యంత్రంతో ఉత్తుత్తి చికిత్స చేయడం తేలిక. దారి చూపే ఎర్ర లైటు వెలగాలి, బీప్ రావాలి, ప్రోబ్ అదే ఒత్తిడితో అంతే సేపు ఉండాలి. లోపలి అసలు కిరణం మాత్రం రాకూడదు. మీ యంత్రంలో అలాంటి ఏర్పాటు లేకపోతే బయోమెడికల్ ఇంజినీరు సహాయంతో చేయించుకోవచ్చు, లేదా కాంతిని అడ్డుకునే ఒకేలాంటి మూత ఒకటీ, దాటనిచ్చే మూత ఒకటీ చేయించి వాటికి ‘క’, ‘గ’ అని గుర్తు పెట్టవచ్చు. ఏది ఏదో మీ గైడ్‌కు గానీ ఈ పనితో సంబంధం లేని మరొకరికి గానీ మాత్రమే తెలియాలి, లెక్కలు పూర్తయ్యేదాకా వారు చెప్పకూడదు. పెట్టే మనిషి, కొలిచే మనిషి వేరుగా ఉండాలి. మీ తోటి పీజీ విద్యార్థితో ఒప్పందం చేసుకోండి: వారి థీసిస్‌కు మీరు కొలవండి, మీ థీసిస్‌కు వారు కొలుస్తారు. చివర్లో పాల్గొన్న ప్రతి ఒక్కరినీ ‘మీకు అసలుది పెట్టామనుకుంటున్నారా, ఉత్తుత్తిదా’ అని అడిగి రాసుకోండి. ఎక్కువమంది సరిగ్గా ఊహించగలిగితే గోప్యత చెడిందని మీకే తెలుస్తుంది. 500 మిల్లీవాట్లు దాటిన నాలుగో తరగతి లేజర్లతో ఇదే పెద్ద ఇబ్బంది. వెచ్చదనం తెలిసిపోతుంది కాబట్టి వాటితో జరిగే పరీక్షలలో గోప్యత నిలవడం కష్టం. మీ దగ్గర చిన్న యంత్రమే ఉన్నందుకు బాధపడకండి, పరీక్షకు అదే మేలు.

ఇక అసలు విషయం. ఈ మూడు కొలతలను ఒకే వరుసలో ఎందుకు పెట్టకూడదంటున్నానో చెబుతాను.

కాంతి కణంలోకి వెళ్లాక ఏం చేస్తుందన్నదానికి ఎక్కువగా చెప్పే వివరణ, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము దాన్ని గ్రహిస్తుందని, దానితో కణంలో ఏటీపీ అనే ఇంధనం తయారీ పెరుగుతుందని, నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుందని. టీనా కారూ అనే పరిశోధకురాలు ఈ దిశగా చాలా కాలం పనిచేశారు. దీనికి తోడు, నొప్పిని మోసే సన్నని నరాల పోగులలో సంకేతం కొంతసేపు నెమ్మదిస్తుందని ప్రయోగశాల పనులు సూచిస్తున్నాయి. ఈ రెండింటిలో ఏదీ కండరం చుట్టూ ఉన్న కొల్లాజెన్ పొరను మెత్తబరిచేది కాదు. వేడి కాపడం సాగే గుణాన్ని పెంచుతుందంటే అర్థముంది, ఎందుకంటే ఉష్ణోగ్రత పెరిగితే ఆ పొర తేలికగా సాగుతుంది. చల్లని లేజర్‌కు ఆ దారి లేదు.

అయితే లేజర్ తర్వాత మోకాలు కొంచెం ఎక్కువ చాపగలిగితే దానికి అర్థమేమిటి? ఇక్కడ మీరు తప్పక చదవవలసింది స్ట్రెచింగ్ మీద వెప్లర్, మాగ్నుసన్ 2010లో రాసిన చర్చ. స్ట్రెచింగ్ తర్వాత కీలు కదిలే పరిధి పెరిగినప్పుడు కండరం పొడవు పెరిగిందని మనం అనుకుంటాం. కానీ చాలా సందర్భాలలో పెరిగేది సాగదీతను ఓర్చుకునే శక్తి అని వారి వాదన. కండరం అలాగే ఉంటుంది, ‘ఇక చాలు’ అని మనిషి అనే చోటు మాత్రం ముందుకు జరుగుతుంది. లేజర్ నిజంగా నొప్పిని తగ్గిస్తే, పరిధి కూడా ఆ దారిలోనే కొంచెం పెరగవచ్చు. అంటే మీరు రెండు వేర్వేరు ఫలితాలు అనుకుంటున్నవి ఒకే ఫలితానికి రెండు ముఖాలు కావచ్చు. ఇది తేల్చగలిగితే మీ థీసిస్‌కు నిజమైన విలువ వస్తుంది.

తేల్చే మార్గం కష్టమేమీ కాదు. తుంటిని 90 డిగ్రీల దగ్గర నిలిపి, మోకాలును ప్రతిసారీ ఒకే కోణానికి, ఉదాహరణకు పూర్తిగా చాచడానికి 30 డిగ్రీలు తక్కువ ఉన్న చోటికి, నెమ్మదిగా తీసుకెళ్లండి. పడుకున్న మనిషి కండరాన్ని పూర్తిగా వదిలేయాలి. మడమ దగ్గర చేతి డైనమోమీటర్ (బలాన్ని కొలిచే పరికరం) ఆనించి, కాలు ఎంత బలంతో ఎదురు తిరుగుతోందో చూడండి. మోకాలి నుంచి డైనమోమీటర్ దాకా దూరం కొలిచి ఆ బలంతో గుణిస్తే టార్క్, అంటే కీలును తిప్పే బలం, వస్తుంది. అదే కోణం దగ్గర ఎదురుబలం తగ్గితే కండరం మెత్తబడినట్లు. ఎదురుబలం మారకుండా చివరి కోణం మాత్రమే పెరిగితే ఓర్పు పెరిగినట్లు. 30 డిగ్రీల దగ్గరికి చేరలేనంత బిగుతు ఉన్నవారికి వారి వారి చేరగల కోణాన్ని మొదటి రోజే నిర్ణయించి, చివరిదాకా దాన్నే వాడండి.

బలం సంగతి క్లుప్తంగా చెబుతాను. లేజర్, ఎల్‌ఈడీ కాంతితో కండరాల మీద జరిగిన పనిలో పెద్ద భాగం బ్రెజిల్ పరిశోధకులది. వ్యాయామానికి ముందు కాంతి పెడితే అలసట ఆలస్యంగా వస్తుందని, ఎక్కువసార్లు చేయగలరని, మర్నాటి కండరాల నొప్పి తగ్గుతుందని ఆ పరీక్షలలో కొన్ని చూపాయి, కొన్ని చూపలేదు. అలసట లేని కండరం ఒక్కసారి గట్టిగా నెట్టే బలానికి ఇంధనం కొరత ఉండదు కాబట్టి, అక్కడ లేజర్ జోడించగలిగేది పెద్దగా ఉండదన్నది నా అభిప్రాయం. బలాన్ని వదులుకోలేకపోతే, అలసట పుట్టించే వ్యాయామం తర్వాత బలం ఎంత నిలిచిందో కొలవండి; అది వేరే థీసిస్ అంత పని అని కూడా గుర్తుంచుకోండి.

నొప్పి విషయంలో ఆధారాలు కాస్త మెరుగు. మెడ నొప్పి మీద 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 820 మంది రోగులతో జరిగిన 16 పరీక్షలను పరిశీలించి, దీర్ఘకాలిక మెడ నొప్పిలో చికిత్స ముగిశాక 22 వారాల దాకా ఉపశమనం ఉండవచ్చని చెప్పింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాలు దీర్ఘకాలిక నడుము నొప్పికి మందులు లేని మార్గాలలో లేజర్‌ను కూడా చేర్చాయి, అయితే దాని ఆధారం తక్కువ నాణ్యత గలదని స్పష్టంగా రాశాయి. ఈ చికిత్సకు బలమైన ఆధారం ఉన్న చోటు నిజానికి కండరం కాదు, క్యాన్సర్ చికిత్సలో నోరు పూయకుండా నివారించడం. మన వృత్తిలో చాలామందికి ఈ విషయం తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. నా రోగులలో మెడ నొప్పితో వచ్చే దర్జీలకు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవారికి నేను లేజర్ పెడతాను, కానీ నొప్పి తగ్గిన ఆ కొద్ది రోజులలో వ్యాయామం అలవాటు చేసుకోవాలన్న షరతు మీదే పెడతాను. వారిలో బాగుపడినవారు లేజర్ వల్ల బాగుపడ్డారా, వ్యాయామం వల్లనా అని నేను విడదీసి చెప్పలేను. మీ పరీక్ష లాంటివి అందుకే కావాలి.

ఇప్పుడు మోతాదు. మీ ప్రశ్నలో నన్ను అన్నిటికన్నా ఆపింది ఇదే. సామర్థ్యాన్ని సమయంతో గుణిస్తే శక్తి: 100 మిల్లీవాట్లు, 30 సెకన్లు అంటే 3 జౌళ్లు. మూడు చోట్లకు కలిపి 9 జౌళ్లు. మీ ప్రోబ్ కొన వైశాల్యం, ఉదాహరణకు, 0.1 చదరపు సెంటీమీటరు అయితే, ఒక్కో చోట పడేది చదరపు సెంటీమీటరుకు 30 జౌళ్లు. మీరు రాసిన 4 కాదు. నిజంగా 4 మాత్రమే ఇవ్వాలంటే ఆ ప్రోబ్‌ను 4 సెకన్లు పెడితే చాలు, అప్పుడు చర్మానికి అందేది 0.4 జౌళ్లు. ఒకే చికిత్స ఒక లెక్కలో ఎక్కువగానూ మరో లెక్కలో తక్కువగానూ కనిపించడం ఈ రంగంలో పాత జబ్బు, దీనివల్లే ఒక పరీక్షను మరో పరీక్షతో పోల్చలేకపోతున్నాం. జౌళ్లు ఒక్కో చోట ఎన్ని, మొత్తం ఎన్ని, కొన వైశాల్యం ఎంత, సామర్థ్యం ఎంత, సమయం ఎంత అన్నవన్నీ విడివిడిగా రాయండి.

కండరాల మీద పనిచేసిన పరిశోధకులు పెద్ద కండరాల సమూహాలకు మొత్తం 60 నుంచి 300 జౌళ్ల దాకా సూచిస్తున్నారు. తొడ వెనుక భాగం చిన్నదేమీ కాదు; దానికి 9 జౌళ్లు పెట్టి ఫలితం రాలేదంటే, లేజర్ పనిచేయలేదని కాదు, లేజర్ తగినంత పెట్టలేదని అర్థం. మీ యంత్రంతో పది చోట్ల ఒక్కో నిమిషం చొప్పున పెడితే ఒక్కో చోట 6 జౌళ్లు, మొత్తం 60 జౌళ్లు, పది నిమిషాల పని. కూర్చునే ఎముక నుంచి మోకాలి వెనుక దాకా రెండు నిలువు వరుసలలో ఐదేసి గుర్తులు పెట్టుకోండి. ప్రోబ్‌ను నిలువుగా, చర్మానికి గట్టిగా ఆనించండి. గాలి సందు ఉంటే కాంతి వెనక్కి పరావర్తనం చెందుతుంది. చర్మం కింద కొవ్వు మందంగా ఉన్నవారిలో కండరానికి చేరే కాంతి తగ్గుతుంది, అందుకే తొడ వెనుక స్కిన్‌ఫోల్డ్, అంటే పట్టుకున్న చర్మపు మడత, మందం కూడా కొలిచి రాసుకోండి. అలాగని ఎక్కువ పెడితే ఎక్కువ ఫలితం అని కూడా అనుకోవద్దు. ఒక స్థాయి దాటితే ప్రయోజనం తగ్గుతుందని ప్రయోగశాలలో పదేపదే కనిపించింది.

యంత్రం మీద రాసి ఉన్న సామర్థ్యాన్ని నమ్మకండి. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక క్లినిక్‌లో నెలల తరబడి ఒక ప్రోబ్ వాడాం. ఎర్ర లైటు చక్కగా వెలిగేది, సమయం అయ్యాక బీప్ వచ్చేది. ఒక ఇంజినీరు పవర్ మీటర్ తెచ్చి కొలిస్తే, రాసి ఉన్నదానిలో సగం కూడా బయటికి రావడం లేదు. ఆ నెలలలో డబ్బు కట్టి వెళ్లిన రోగుల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. వారిలో కొందరు నొప్పి తగ్గిందని కూడా చెప్పారు, అది నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. కాబట్టి పరీక్ష మొదటి రోజు, మధ్యలో ఒకసారి, చివరి రోజు పవర్ మీటర్‌తో కొలిపించండి. మీ కళాశాలలో లేకపోతే దగ్గరలోని ఇంజినీరింగ్ కళాశాల భౌతికశాస్త్ర విభాగాన్ని అడగండి, చాలా చోట్ల ఉంటుంది. కిరణం వస్తోందా లేదా అన్నంతవరకైతే ఫోను ముందు కెమెరాలో చూసినా తరచుగా తెలుస్తుంది, ఎంత వస్తోందో మాత్రం అది చెప్పదు. ప్రోబ్ కొన వైపు కంటితో ఎప్పుడూ చూడకండి.

నొప్పి కొలతకు ఆల్గోమీటర్ (నొక్కుడు ఒత్తిడిని చూపే పరికరం) కొన ఒక చదరపు సెంటీమీటరు ఉన్నది వాడి, సెకనుకు ఒక కిలో చొప్పున ఒత్తిడి పెంచండి. ఒత్తిడి నొప్పిగా మారిన క్షణంలోనే ‘ఆపండి’ అనాలని, ఓర్చుకునే పోటీ కాదని ముందే చెప్పండి. కుర్రాళ్లు మొండిగా ఓర్చుకుంటారు, నేను చాలాసార్లు చూశాను. అర నిమిషం విరామంతో మూడుసార్లు తీసి సగటు రాయండి. ముందుగా మోచేతి దగ్గర ఒకటి రెండుసార్లు అలవాటు చేయించండి. తొడ మీద ఒక చోటుతో పాటు, లేజర్ తగలని దూరపు చోటు ఒకటి, ఉదాహరణకు ముంజేయి, కూడా కొలవండి. నొప్పి స్థాయి తొడ మీద మాత్రమే మారితే అది ఆ చోట జరిగిన పని కావచ్చు. ముంజేతి మీద కూడా అంతే మారితే అది నమ్మకం వల్లనో, కొలతకు అలవాటు పడడం వల్లనో, మెదడు స్థాయిలోనో వచ్చింది.

కొలతల క్రమాన్ని మార్చకండి: మొదట నొప్పి, తర్వాత ఎదురుబలం, తర్వాత చివరి కోణం, ఆఖరున బలం. గట్టిగా బిగించే వ్యాయామం చేస్తే కొంతసేపు నొప్పి మొదలయ్యే స్థాయి దానంతటదే పెరుగుతుంది, కాబట్టి బలాన్ని ముందు కొలిస్తే నొప్పి లెక్క చెడిపోతుంది. అందరికీ రోజులో అదే వేళ, గదిలో అదే ఉష్ణోగ్రత ఉండేలా చూడండి. మన వైపు మే నెల మధ్యాహ్నం కొలిచిన కాలు, జనవరి ఉదయం కొలిచిన కాలు ఒకటి కావు.

అసలు పరీక్షకు ముందు పది మందిని రెండు వేర్వేరు రోజులలో లేజర్ లేకుండా కొలిచి, మీ చేతి పొరపాటు ఎంతో లెక్కించుకోండి. కీలు కోణాన్ని కొలిచే గోనియోమీటర్‌తో మీ కొలత ప్రామాణిక దోషం (కొలతలో సాధారణంగా వచ్చే పొరపాటు) 2 డిగ్రీలు వస్తే, దాన్ని 2.77తో (రెండు కొలతల తేడాకు 95 శాతం నమ్మకంతో వాడే గుణకం) గుణించండి: ఒక మనిషిలో సుమారు 5.5 డిగ్రీల కన్నా తక్కువ మార్పును మార్పుగా లెక్కించలేరు. లేజర్ నుంచి మీరు ఆశిస్తున్నది అంతకన్నా తక్కువే కావచ్చు.

మనుషుల సంఖ్య గురించి. జట్టుకు 15 మంది ఉంటే, 80 శాతం అవకాశంతో మీరు పట్టుకోగలిగేది ఒక ప్రామాణిక విచలనం (మనిషికీ మనిషికీ కొలత ఎంత మారుతుందో చెప్పే లెక్క) కన్నా పెద్ద తేడాను మాత్రమే. అందులో సగం తేడాను పట్టుకోవాలంటే జట్టుకు 64 మంది కావాలి. మీకు అంతమంది దొరకరు. అందుకే ఒక్క విడత ప్రభావాన్ని చూసే మీ పరీక్షకు నా సలహా: 30 మందికీ రెండూ పెట్టండి, ఒక వారం అసలుది, మరో వారం ఉత్తుత్తిది, ఎవరికి ఏది ముందో చీటీల పద్ధతిలో. ప్రతి మనిషినీ తనతోనే పోలుస్తారు కాబట్టి అదే 30 మందితో చిన్న తేడాను కూడా పట్టుకోవచ్చు. చీటీలను బయటికి కనిపించని మందపాటి కవర్లలో, మీరు కాక వేరొకరు సిద్ధం చేయాలి. ఒక కాలికి అసలుది, మరో కాలికి ఉత్తుత్తిది ఒకే రోజు పెట్టే ఆలోచన వద్దు, ఒక వైపు చికిత్స మరో వైపు నొప్పి స్థాయిని కూడా కదిలించవచ్చు.

లెక్కల దగ్గర ఒక్క హెచ్చరిక. ‘లేజర్ పెట్టినప్పుడు ముందుకూ తర్వాతకూ తేడా గణాంకపరంగా ముఖ్యమైనది, ఉత్తుత్తిది పెట్టినప్పుడు కాదు, కాబట్టి లేజర్ పనిచేసింది’ అని రాసిన థీసిస్‌లు లెక్కలేనన్ని చూశాను. అది తప్పు. రెండింటి మధ్య తేడానే నేరుగా పరీక్షించాలి.

భద్రత విషయంలో పాల్గొనేవారితో సహా గదిలో అందరికీ 808 నానోమీటర్లకు సరిపడే కళ్లద్దాలు ఉండాలి. మామూలు నల్లద్దాలు పనికిరావు. గోడ అద్దాలు కప్పేయండి. తొడ మీద పచ్చబొట్టు ఉన్నవారిని, వెలుతురుకు చర్మం అతిగా స్పందించేలా చేసే మందులు వాడుతున్నవారిని, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారిని, గర్భిణులను చేర్చుకోకండి. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. మీ యంత్రంతో ఇబ్బంది వచ్చే అవకాశం తక్కువే కానీ, ఇదే పద్ధతిని రేపు నాలుగో తరగతి లేజర్‌తో చేస్తే నల్లని చర్మం త్వరగా వేడెక్కుతుంది, కాలవచ్చు. జూనియర్ విద్యార్థులను చేర్చుకునేటప్పుడు వారు మొహమాటంతో ఒప్పుకుంటున్నారేమో చూడండి. అంగీకారం మీరు కాక, వారికి మార్కులు వేయని మరొకరు తీసుకుంటే మంచిది. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక, మొదటి వ్యక్తిని చేర్చుకోవడానికి ముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు చేయండి. 2018 ఏప్రిల్ 1 నుంచి ముందస్తు నమోదునే అంగీకరిస్తున్నారు, మధ్యలో గుర్తొస్తే దారి ఉండదు.

ఇక మీ చివరి భయం, ఫలితం రాకపోతే ఏమవుతుందన్నది. ఉత్తుత్తి లేజర్ పెట్టి, కాంతిని మీటర్‌తో సరిచూసి, 60 జౌళ్లు ఇచ్చి, కొలిచినవారికి ఏదీ తెలియకుండా చేసిన పరీక్షలో తేడా రాకపోతే అదే మీ ఫలితం. ‘ప్రభావం లేదు’ అని ఒక్క వాక్యంలో తేల్చేయకుండా, తేడా ఎంత వచ్చిందో, దాని 95 శాతం విశ్వాస అంతరం (అసలు తేడా ఉండగల హద్దులు) ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో రాయండి. ఉదాహరణకు ఆ అంతరం మైనస్ 1 డిగ్రీ నుంచి 2 డిగ్రీల దాకా ఉంటే, ఒక్క విడత లేజర్ ఈ కండరానికి సగటున 2 డిగ్రీలకు మించి ఇచ్చే అవకాశం తక్కువని మీరు చెప్పినట్లే. రోజూ డబ్బు తీసుకుని ఈ యంత్రం పెడుతున్న నాలాంటివాళ్లకు ఆ సంఖ్య చాలా అవసరం. సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) సమర్పించే ముందు మోతాదు పట్టికను, కొలతల క్రమాన్ని ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.